పళ్ళక్క నది వెంట బయల్దేరిన వైనం

వీధిలో అందరూ ఆవిడని పళ్ళక్క అంటారు. కొత్తగా ఇల్లు మారి వచ్చినవాళ్ళు ఆ పేరు విని, సంచీ పట్టుకొచ్చి, "డజను అరటిపళ్ళు ఇస్తారా?" అని తలుపు తట్టిన సందర్భాలు రెండు మూడున్నాయి. ఆవిడ విసుక్కోదు. "నా దగ్గరున్నవి తినే పళ్ళు కావండీ, తినడానికి పనికొచ్చే పళ్ళు" అని నవ్వి, వీధి మొదట్లో ఉన్న దుకాణం చూపిస్తుంది.

ఆవిడ పని కట్టుడు పళ్ళు చేయడం. ఒక పళ్ళ ల్యాబ్ మూడో అంతస్తులో, కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడలు తీస్తుంది. దవడ మీద మైనం కట్టి, అందులో ఒక్కో పన్నూ పేరుస్తుంది. ఒక్క పన్ను వెంట్రుకవాసి పైకి లేచినా నమిలేవాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది కాబట్టి, ఒక కంటికి భూతద్దం తగిలించుకుని పేర్చిందే మళ్ళీ పేరుస్తుంది. ఆవిడ చేసిన సెట్టు ఒకటి ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది, ఎనభై రెండేళ్ళ అత్తగారి నోట్లో. "కోడళ్ళు అత్తల నోరు మూయిస్తారని విన్నాను. మా కోడలు నోరు నింపింది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ నోరు తెరిచి మరీ చూపిస్తుంది.

భర్త బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఎన్నింటికి తిరిగి రావాలో రాసే మనిషి. ఇంట్లో గోడ గడియారం ఆగిపోతే ఆయన్ని చూసి టైము చెప్పొచ్చని అత్తగారు వేళాకోళం చేస్తుంది. ఆవిడది మిల్లీమీటర్ల లెక్క, ఆయనది నిమిషాల లెక్క. ఇద్దరికీ బాగానే కుదిరింది.

ఆ ఇంట్లోకి సైకిలు కూతురి వల్ల వచ్చింది. కాలేజీ రోజుల్లో పంతం పట్టి కొనిపించుకుంది. ఉద్యోగం రాగానే మెట్ల కింద పడేసింది. పెళ్ళయ్యాక నాలుగు వీధుల అవతల కాపురం పెట్టింది గానీ, సైకిలు మాత్రం మెట్ల కిందే ఉండిపోయింది. వచ్చేపోయేవాళ్ళ కాళ్ళకి తగులుతోందని ఒకరోజు పళ్ళక్క దాన్ని అమ్మేద్దామని సైకిల్ షాపుకి తోసుకెళ్ళింది. షాపాయనకి చెంపల దాకా మీసాలు. అందరికీ ఆయన మీసాలాయనే. చైను ఒకసారి తిప్పి చూసి, "దీన్ని అమ్మడమెందుకక్కా? తొక్కు" అన్నాడు.

"నాకు రాదయ్యా."

"రాదన్నవాళ్ళకేగా నేర్పేది. వచ్చినవాళ్ళకి నేర్పేదేముంది?"

అప్పటికి ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళు. ల్యాబ్ వెనకున్న ఖాళీ స్థలంలో, మధ్యాహ్నం భోజనాల వేళ, మోచేతులు గీరుకుంటూ, గోడని గుద్దుకుంటూ నెల తిరిగేసరికి నేర్చేసుకుంది. పై అంతస్తుల కిటికీల్లోంచి చూసిన జనం మొదట్లో నవ్వారు, చివర్లో చప్పట్లు కొట్టారు.

రెండేళ్ళ తర్వాత ఒక ఆదివారం జరిగింది అసలు సంగతి. ఊరి చివర ఒక డాక్టరుకి పళ్ళ సెట్టు ఇచ్చి తిరిగొస్తోంది. నీళ్ళ ట్యాంకు దగ్గర ఎడమవైపు తిరగాలి. వీపు మీద గాలి మెత్తగా తోస్తోంది, చక్రాలు వాటంతటవే పరిగెడుతున్నాయి. ఆవిడ తిరగలేదు. ఎందుకు తిరగలేదో ఇప్పటికీ ఆవిడకే తెలియదు. ట్యాంకు వెనకబడింది, ఇటుకల గోదాము వెనకబడింది, ఊరే వెనకబడింది. పొలాల మధ్య ఒక కల్వర్టు మీద కూర్చుని నీళ్ళు తాగి, గంటసేపు ఊరికే అటూ ఇటూ చూసి, అప్పుడు వెనక్కి తిప్పింది. ఎదురుగాలికి తొక్కుకుంటూ ఇల్లు చేరేసరికి భర్త గేటు దగ్గర చేతి గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"రెండు గంటల పదిహేడు నిమిషాలు ఆలస్యం. దారి తప్పావా?"

"లేదండీ. తప్పలేదు. తిరగలేదంతే."

డిపోలో ఎందరు డ్రైవర్లు ఎన్ని కారణాలు చెప్పారో ఆయనకి గుర్తే. ఈ కారణం మాత్రం ఎవరూ చెప్పలేదు. "సరే, చేతులు కడుక్కో" అన్నాడు.

ఆ తర్వాత ఐదేళ్ళ పాటు ఆదివారాలన్నీ సైకిలువే అయ్యాయి. నది సంగతి ల్యాబ్‌లో మొదలైంది. ప్లాస్టర్ సప్లై చేసే విదేశీ కంపెనీ వాళ్ళు ఏటా ఒక క్యాలెండర్ పంపుతారు. ఐదో ఏడాది పంపినదాంట్లో నాలుగో నెల బొమ్మలో ఒక నది, దాని గట్టు వెంట సన్నటి దారి, దారి మీద ఎవరిదో ఆపిన సైకిలు. నెల మారింది గానీ పళ్ళక్క కాగితం తిప్పలేదు. ఐదో నెల, ఆరో నెల కూడా ల్యాబ్‌లో నాలుగో నెలే నడిచింది. ప్లాస్టర్ బస్తాలు తెచ్చే ఏజెంటుని అడిగితే, ఆ నది కొండల్లో పుట్టి, మూడు దేశాలు దాటి సముద్రంలో కలుస్తుందని, చాలా దూరం పక్కనే సైకిలు దారి ఉందని చెప్పాడు. "మీకెందుకండీ?" అని నవ్వాడు కూడా. ఆవిడ అర్ధచంద్రంలా వంగిన మైనం మీద ముందు పన్ను నిలబెడుతూ, ఎందుకో తనలో తాను నవ్వుకుంది.

యాభై ఐదో ఏట, ఓ సాయంత్రం, కూతురు కూడా వచ్చి ఉన్నప్పుడు, కంచాలు పెడుతూ చెప్పింది. "వచ్చే వేసవిలో నేను విదేశం వెళ్ళి, ఆ క్యాలెండర్ నది వెంట సముద్రం దాకా సైకిలు తొక్కొస్తాను. ల్యాబ్‌లో మూడు నెలలు సెలవిచ్చారు."

ముందు తేరుకున్నది కూతురు.

"ఎవరెవరు వెళ్తున్నారమ్మా?"

"నేనే."

"నువ్వు సరే, ఇంకా?"

"ఇంకెవరూ లేరు. నేనూ, సైకిలూ."

"అమ్మా, అలాంటివాటికి గ్రూపులుంటాయి. వెనకాల వ్యాను వస్తుంది, సామాను వాళ్ళే మోస్తారు, అలిసిపోతే ఎక్కించుకుంటారు. ఒక్కదానివే ఏంటి?"

"వాళ్ళు ఆగినచోట ఆగాలి, కదిలినప్పుడు కదలాలి. దానికి మీ నాన్నగారి బస్సు సరిపోదూ?"

అత్తగారు పకపకా నవ్వింది. భర్త నవ్వలేదు. మర్నాడు డిపో నుంచి వస్తూ పెద్ద కాగితం చుట్ట తెచ్చాడు. బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. ఎడమ వైపు తేదీలు, పక్కన నది వెంట ఊళ్ళ పేర్లు, బయల్దేరే టైము, చేరే టైము, మధ్యలో విశ్రాంతి. అన్నీ స్కేలు పెట్టి గీసి ఉన్నాయి. రోజుకి ఇన్ని కిలోమీటర్లు, గంటకి ఇంత వేగం, మధ్యాహ్నం నలభై నిమిషాలు భోజనం.

పళ్ళక్క చాలాసేపు చూసింది. "ఎంత బాగా గీశారండీ" అంది మనస్ఫూర్తిగానే. తర్వాత మెల్లగా, "కానీ నాకొద్దు. నది ఎటు పోతే అటు పోతాను. కాళ్ళు నొప్పెట్టినచోట ఆగుతాను. నా ప్లానింతే" అంది.

ఆయన గ్లాసులు తీసి, కాగితం చుట్టి, బీరువా పైన పడేశాడు. ఆ తర్వాత రెండు వారాలు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. ఆయన కోపం అరిచే కోపం కాదు. టీ తాగి గ్లాసు ఆయనే కడిగి పెట్టేస్తాడు. అదే పెద్ద కోపం.

పళ్ళక్క మాత్రం పని చేసుకుంటూ పోయింది. కూతురి సైకిలు అంత దూరం ఆగదని మీసాలాయన తేల్చేసి, దృఢమైన ఫ్రేము, వెడల్పు టైర్లు, బరువు మోసే క్యారియరు పెట్టి కొత్తది కట్టాడు. కట్టేటప్పుడు ఆవిడని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "రేపు నడిరోడ్డు మీద తెగితే అక్కడ నా మీసాలు కనపడవక్కా. నువ్వే చేసుకోవాలి" అని చైను లంకె విప్పడం, బ్రేకు తీగ బిగించడం, చక్రం పుల్ల మార్చడం అన్నీ చేయించాడు. ఆవిడ వేళ్ళు సన్నటి పనికి అలవాటుపడ్డవి. వంకరపోయిన చక్రాన్ని పుల్లలు బిగించి ఆవిడ సరిచేసిన తీరు చూసి మీసాలాయన తన సహాయకుణ్ణి పిలిచి మరీ చూపించాడు. పెడళ్ళ దగ్గర మాత్రం ఓడిపోయింది. కుడి పెడల్ మామూలుగా ఊడింది. ఎడమది ఎంత తిప్పినా కదలదు. స్పానర్ మీద నిలబడింది కూడా.

"ఎడమది తిరకాసుదక్కా. బిగించే వైపు తిప్పితే ఊడుతుంది."

"ముందే చెప్పొచ్చుగా!"

"ముందే చెప్తే మర్చిపోతావు. చెమట పడితే గుర్తుంటుంది."

సామాను సర్దడం అత్తగారి పర్యవేక్షణలో జరిగింది. మంచం మీద అన్నీ పరిచారు: గుడారం, దూరి పడుకునే సంచి, నాలుగు జతల బట్టలు, రెండు దుప్పట్లు, మందులు, టార్చి, గొడుగు, కూతురు తెచ్చిన జుట్టు ఆరబెట్టే యంత్రం. అత్తగారు ఒక్కోటీ చేత్తో ఎత్తి చూసి, "దీన్ని కొండెక్కిస్తావా?" అని అడుగుతుంది. పళ్ళక్క ఎక్కిస్తానంటే సంచిలోకి, తటపటాయిస్తే పక్కకి. జుట్టు యంత్రం మొదటి దెబ్బకే పోయింది. రెండు జతల బట్టలు పోయాయి, దుప్పట్లు పోయాయి. గొడుగు దగ్గర ఇద్దరికీ వాదన జరిగి గొడుగూ పోయింది. చివరికి క్యారియర్‌కి అటూ ఇటూ వేలాడే రెండు సంచులు మిగిలాయి.

"నేను కాపురానికి వచ్చినప్పుడు రెండెడ్ల బండి సామాను తెచ్చుకున్నాను. సగం ఇప్పటికీ విప్పలేదు" అంది అత్తగారు, ఆ రెండు సంచులకేసి కాస్త అసూయగా చూస్తూ.

అంత దూరం పోయే ముందు మూడు రోజులు ఇక్కడే తొక్కి చూడమని మీసాలాయన సలహా. పళ్ళక్క గుడారంతో సహా అన్నీ కట్టుకుని ఉత్తరం వైపు బయల్దేరింది. మొదటి రోజు మధ్యాహ్నమే వెనక చక్రం పంక్చరైంది. షాపులో పది నిమిషాల్లో చేసిన పని రోడ్డు పక్కన ఎండలో గంటన్నర పట్టింది. అతికించాక పంపు కొట్టి, చెవి ఆనించి విని, గాలి పోవట్లేదని తెలిశాక ఆవిడకి కలిగిన గర్వం అంతా ఇంతా కాదు. రెండో రోజు సీటు మీద కూర్చోవాలంటేనే భయమేసేంత ఒళ్ళు నొప్పులు. వాన కూడా మొదలైంది. గుడారం వేసే ఓపిక లేక, రోడ్డు పక్కన లారీ డ్రైవర్లు దిగే చిన్న లాడ్జీ కనిపిస్తే ఆగిపోయింది.

లాడ్జీ నడిపే ఆయనా భార్యా ఆవిడని వంటగదిలో పొయ్యి దగ్గరే కూర్చోబెట్టారు. ఆయన తండ్రి, తొంభైకి దగ్గరపడ్డ ముసలాయన, ఎదురుగా కూర్చుని రొట్టెని పాలలో నానబెట్టుకుని మింగుతున్నాడు. చొక్కా జేబులో రుమాల్లో చుట్టి ఏదో ఉంది. పళ్ళక్క అలవాటు కొద్దీ ఆ బుగ్గలు చూసింది, తర్వాత ఆ జేబు చూసింది.

"తాతగారూ, జేబులో ఉన్నవి పళ్ళేనా?"

ముసలాయన సిగ్గుపడ్డాడు. "ఆరు నెలలైందమ్మా చేయించి. కింద కుడి పక్క కోస్తోంది. డాక్టరు దగ్గరికి మళ్ళీ అంత దూరం ఎవరు పోతారు?"

"నన్ను చూడనిస్తారా? నాది ఆ పనే."

పుండు ఉన్నచోట చిగుళ్ళ మీద చిటికెడు టూత్‌పేస్టు అద్దుకోమంది. పళ్ళు పెట్టుకుని, మెల్లగా కొరికి, తీయమంది. పళ్ళు అతికిన గులాబీ రంగు ప్లేటు మీద తెల్లటి చుక్క పడింది, కోస్తున్నది సరిగ్గా అక్కడే. పంక్చర్ సామాను డబ్బాలో, ట్యూబు గరుకు చేయడానికి ఇచ్చే గరుకు కాగితం ముక్క ఉంది. కిటికీ దగ్గరికి పోయి, ఆ చుక్క మీద పది సార్లు రుద్ది, కడిగి, వేలితో తడిమి, ఇంకో మూడు సార్లు రుద్దింది. మళ్ళీ పేస్టు, మళ్ళీ చుక్క, మళ్ళీ రుద్దడం. నాలుగోసారి ముసలాయన దవడ అటూ ఇటూ తిప్పి, ఆగి, కోడలి వైపు చెయ్యి చాపాడు. కోడలు అర్థం చేసుకుని ఆపిల్ పండు కోసి ఇచ్చింది. ఆయన ఒక ముక్క కొరికాడు. ఆ కరకర చప్పుడుకి లాడ్జీ ఆయన వాకిట్లోంచి లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"పుండు మానేదాకా మెత్తటివే తినండి. నెల తర్వాత ఎలాగైనా డాక్టరుకి చూపించుకోండి" అని పళ్ళక్క చెబుతూనే ఉంది. ఆయన పండు మొత్తం తినేశాడు.

ఆ వంటగదిలో కూర్చున్నప్పుడే ఆవిడకి ఒక ధైర్యం వచ్చింది. అప్పటిదాకా భాష రాని చోట ఒక్కదాన్నే ఎలా నెగ్గుకొస్తానోనని లోపల ఎక్కడో ఒక బెరుకు ఉండేది. మనుషులందరికీ నోళ్ళున్నాయి, ఆ నోళ్ళలో ఏదో ఒక నొప్పి ఉంటుంది అనుకుంది. నవ్వొచ్చింది. మూడో రోజు వాన వెలిశాక ఇంటికి తొక్కుతుంటే ఒళ్ళు నొప్పులు కూడా సగమయ్యాయి.

ఇక మిగిలింది వీసా. ఆఫీసులో అద్దం వెనక కళ్ళజోడు అమ్మాయి కాగితాలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"అమ్మా, ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇక్కడ రాయాలి. మీరు మొత్తం ఖాళీగా వదిలేశారు."

"నాకే తెలియదు కదమ్మా."

"ఉదాహరణకి, తొమ్మిదో రోజు ఎక్కడుంటారు?"

"నది పక్కన."

"ఏ ఊళ్ళో?"

"అది ఆ వేళ గాలిని బట్టి ఉంటుంది."

అమ్మాయి పెదాలు బిగబట్టింది, నవ్వు ఆపుకోవడానికే. "మీరు చెప్పేది నాకు అర్థమైందమ్మా. కానీ ఖాళీ గడుల మీద నేను ముద్ర వేయలేను. మీకు వీలనిపించినట్టు రాసి తీసుకురండి. దారిలో మారితే మారుతుంది, అది మామూలే. కాగితం మాత్రం కావాలి."

పళ్ళక్క ఇంటికొచ్చి ఆ ఫారం బల్ల మీద పెట్టి కూర్చుంది. పెన్ను తీసుకుని మొదటి గడి దగ్గరే ఆగిపోయింది. అబద్ధం రాసినట్టు ఉంది. ఆ నది పక్కన ఊళ్ళ పేర్లు కూడా నాలుగైదు తప్ప తెలియవు. భర్త డిపో నుంచి వచ్చి, చెప్పులు విప్పి, ఫారం చూశాడు. ఆవిడ మొహం చూశాడు. కుర్చీ ఎక్కి, బీరువా పైనుంచి కాగితం చుట్ట దించి, దుమ్ము దులిపి, బల్ల మీద పరిచాడు. గ్లాసులు ఆవిడే తెచ్చి నాలుగు మూలలా పెట్టింది.

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఆయన ఊళ్ళ పేర్లు చదువుతుంటే ఆవిడ ఫారంలో నింపింది. ఇరవయ్యో రోజు దాకా వచ్చాక ఆయన చదవడం ఆపాడు.

"ఇది వాళ్ళ కోసం. నువ్వు అక్కడికి పోయాక దీన్ని చూడాల్సిన పని లేదు" అన్నాడు. కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే, "ముప్పై ఐదేళ్ళుగా ఏ బస్సు ఎప్పుడొస్తుందో ఊరందరికీ చెబుతున్నాను. మా ఆవిడ ఎక్కడుందో నాకు తెలియకపోతే ఎలాగే?" అన్నాడు.

ఇన్నాళ్ళూ తన ఇష్టాన్ని అడ్డుకుంటున్నాడనుకుంది ఆవిడ. ఆయనకున్నది భయమని అప్పుడు తెలిసింది. పెన్ను పక్కన పెట్టేసింది.

"రేపు ఎక్కడుంటానో అడక్కండి. ఇప్పుడు ఎక్కడున్నానో రోజూ చెబుతాను. ఆగిన ప్రతిచోటా ఫోను చేస్తాను. మీరు ఇంకో కాగితం గీయండి, నేను చెప్పిన ఊరు చెప్పినట్టు అందులో రాసుకోండి."

ఆయన ఆలోచించాడు. "ముందు బస్సు తిరుగుతుంది, తర్వాత నేను టైము రాసుకుంటాను. అంతేనా?"

"అంతే."

"డిపోలో ఇలా చేస్తే ఉద్యోగం పోతుంది" అన్నాడు గానీ, మొహం తేలికపడింది. ఆ పూట టీ గ్లాసు కడక్కుండా బల్ల మీదే వదిలేశాడు.

వీసా వచ్చింది. బయల్దేరే ముందురోజు పొద్దున సైకిల్ని అట్టపెట్టెలో పెట్టారు. మీసాలాయన స్టూలు మీద కూర్చుని చూశాడు తప్ప చెయ్యి వేయలేదు. పళ్ళక్క ముందు చక్రం ఊడదీసింది, హ్యాండిల్ పక్కకి తిప్పింది, టైర్లలో గాలి తీసింది, రెండు పెడళ్ళూ మొదటి ప్రయత్నంలోనే విప్పింది. కూతురు బోల్టులన్నీ చిన్న సంచిలో వేసి దాని మీద ఏ బోల్టు ఎక్కడిదో రాసింది. "గ్రూపు వ్యాను లేకపోయినా పర్లేదులే. నువ్వే ఒక గ్యారేజీవి" అంది. రెండు నెలలుగా కూతురి నోట్లోంచి వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. విమానాశ్రయంలో అందరికంటే గట్టిగా ఏడ్చింది కూడా ఆ పిల్లే.

ఆ దేశంలో దిగి, రైలు మారి, కొండ ఊరి స్టేషను బయట గోడవారన కూర్చుని పళ్ళక్క సైకిలు బిగించుకుంది. రెండు గంటలు పట్టింది. ఒక బోల్టు మిగిలిపోయింది. ఎక్కడిదో కూతురు సంచి మీద రాసినదాంట్లో కూడా దొరకలేదు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. జేబులో వేసుకుని బయల్దేరింది. దారి అడుగుతూ నది దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది.

నది ఆవిడ అనుకున్నంత లేదు. రాళ్ళ మధ్య గలగలలాడుతూ పంటకాలువంత ఉంది. ఇంత దూరం వచ్చింది దీని కోసమా అని పైకే నవ్వేసింది. కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి ఏదో అడిగాడు. ఆవిడ దిగువకి చెయ్యి చూపించి, ఆ భాషలో నేర్చుకున్న పదిహేను మాటల్లో ఒకటి అంది: "సముద్రం." ఆయన సైకిల్ని, ఆవిడ నెరిసిన జుట్టుని, మళ్ళీ సైకిల్ని చూసి, గౌరవంగా టోపీ తీసి, తల వంచి, మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు.

సముద్రం చేరడానికి అరవై ఆరు రోజులు పట్టింది. దారిలో ఒకసారి జ్వరంతో మూడు రోజులు ఒక రైతు ఇంట్లో పడుకుంది, రెండుసార్లు తప్పు దేశంలోకి వెళ్ళబోయి వెనక్కి తిరిగింది. కానీ ఆ మొదటి రోజుల గురించి అడిగితేనే ఆవిడ కళ్ళు ఎక్కువ మెరుస్తాయి. నాలుగో రోజుకి రెండు వాగులు వచ్చి కలిసి నది వెడల్పయింది. ఐదో రోజు పొద్దున ఒక వంతెన దగ్గర దారి రెండుగా చీలింది. కుడి గట్టున ఒకటి, ఎడమ గట్టున ఒకటి. రెండూ నది వెంటే పోతున్నాయి. పళ్ళక్క వంతెన మధ్యలో ఒక కాలు నేల మీద ఆనించి, రెండు వైపులా చూసింది. ఎడమ గట్టున చెట్ల నీడ కాస్త ఎక్కువగా కనిపించింది. అటు తిప్పింది.